నవలలో మా అక్క పేరు

తణుకు,
ఆగస్టు 1998.

అనంతకృష్ణ గారికి,

అక్క విడాకులు తీసుకున్నాక మిమ్మల్ని బావగారూ అనడం మానేశాను. మీ నవల చదివాను. ఎక్కడా ఫుల్‌స్టాప్ లేకుండా సాగే ఆ వాక్యాలు చదువుతుంటే నాకు ఊపిరాడలేదు. ఆ కథలోని చీకటికి భయమేసింది. పిచ్చెక్కి గదిలో అరిచే భార్యకు మా అక్క పేరే పెట్టారు. బయట గడియ పెట్టింది మీరని మాత్రం రాయలేదు.

అక్క కూడా చదివింది. "నా అరుపులు బాగానే గుర్తున్నాయే ఆయనకి" అంది.

రాజమండ్రిలో మీ సన్మాన సభలో పాఠకురాలిగా మాట్లాడమని నిర్వాహకులు నన్ను పిలిచారు. నేనెవరో వాళ్లకు తెలియదు. ఒప్పుకున్నాను. నా వంతు రాగానే మైకు అక్క చేతికిస్తాను. మీరు తప్పకుండా రండి.

ఇట్లు,
సూర్యకళ చెల్లెలు