ఆకలి అని పెట్టిన పేరు

మరాచా మిషన్,
జూన్ 9, 1966

తెరెగోలో ఉన్న మా వియ్యపురాలు ఆయికోరు వదినకు ఒంజిరు చెప్పి రాయించే ఉత్తరం.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? మేకలు ఈనాయా? మీ వైపు చేలు కంకి వేశాయా, లేక మా వైపులాగే ఆకులు చూసుకుని మురుస్తున్నారా? ఇక్కడ మేమంతా క్షేమమని మొదట రాయాలట. రాసేది మా ఉపదేశి ఒచాత్రే, మర్యాద తెలిసినవాడు, నేను చెప్పకముందే రాసేశాడు. నీ కూతురు ద్రిచిరు లేచి తిరుగుతోంది. పాలు పడ్డాయి. పిల్ల చిన్నది, ఏడుపు పెద్దది. క్షేమం ఇంతవరకే. ఇక నా గొడవ విను.

నీ కూతురు నా పరువు తీసింది.

పురిటి గుడిసెలోంచి బయటికి వచ్చిన రోజు ఆడవాళ్లమంతా చిక్కుడు గింజలు వండుకుని దాని చుట్టూ కూర్చున్నాం. పేరేం పెడతావమ్మా అని అడిగాను. నేనే అడిగాను, నా నోటితోనే. అది తల కూడా దించుకోలేదు. అబిరియా అంది. ఆకలి! నా వాకిట్లో, నా చాప మీద కూర్చుని, నేను వండిన గింజలు నములుతూ, నా కొడుకు తొలిచూలు బిడ్డకి ఆకలి అని పేరు పెట్టింది. నములుతున్న నోళ్లన్నీ ఒక్కసారి ఆగాయి. తర్వాత అందరూ నా వైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డారు. చూసినా బాగుండేది.

తల్లి పెట్టే పేరు పిల్లకి కాదు, అత్తింటికి తగిలేదని నీకు నేను చెప్పాలా? నా పేరే చూడు. ఒంజిరు, చెడ్డది. ఆ చెడ్డది నేను కాదు, మా అమ్మ సవతి. ఆమె పోయి ఎంత కాలమైనా, నన్ను ఎవరు పిలిచినా ఆమెని తిట్టినట్టే. చిన్నప్పుడు నాకది భలే సరదాగా ఉండేది. ఇప్పుడు ఆ ముసలిదాని మొహం కళ్లలో మెదులుతోంది.

ఏటి దగ్గర ఏం జరిగిందో విను. ఆకలి నిద్రపోయిందా అవ్వా అని ఒకతె అడిగింది. వాళ్లింట్లో ఆకలికి నిద్రెక్కడిదే అని ఇంకొకతె అందుకుంది. కుండలు కింద పెట్టి మరీ నవ్వారు. నోరు నొక్కుదామంటే ఏమని నొక్కను? పిల్లని పేరు పెట్టి పిలిచారు, అంతేగా! నేను కుండ నింపకుండానే వచ్చేశాను. అప్పటినుంచి మిట్టమధ్యాహ్నం, ఎండకి అందరూ ఇళ్లలో ఉన్న వేళ చూసుకుని నీళ్లకి వెళుతున్నాను. ఈ కొండవాలున నాకు ఎదురు నిలిచి మాట్లాడిన మగాడు లేడు. అలాంటిదాన్ని, దొంగలా వంగి నీళ్లు ముంచుకుంటున్నాను.

నా పక్షం కూడా విను. నేను దాన్ని పస్తు పెట్టానా? కొత్త కోడలికి సొంత గాదె ఉండదు. మొదటి పంట చేతికొచ్చేదాకా అత్త గాదెలోంచే వండుకోవాలి. అలాగే వండుకుంది. ముద్ద తగ్గించాను, నిజమే. పెద్దల మాట ఉంది కదా: కడుపులో చిక్కిన బిడ్డే వాకిట్లో బలుస్తుంది. తల్లి తక్కువ తింటే కానుపు సులువు. సంకటి ఇంకాస్త పెట్టమని అది బుట్ట చాపినప్పుడల్లా ఈ మాటే చెప్పాను. ఏడిస్తే వెన్ను నిమిరి చెప్పాను. మా అమ్మ ఈ మాట ఎప్పుడూ అనలేదే అత్తా అంది. మీ తెరెగో వాళ్లకి సామెతలు తక్కువ, వాగుడు ఎక్కువ అన్నాను. ఇది విని కోపం తెచ్చుకోకు, నువ్వైనా అదే అనేదానివి.

ద్రిచిరు నీకు మొర పెట్టుకుంటే, పెద్దావిడ మాట విను, నోరు మూసుకో అని కబురు పంపింది నువ్వే. అంతేనా? నీ చిన్న కూతురు లేతిరు కడుపుతో పుట్టింటికి వచ్చిందనీ, ఒంజిరు వదిన మాట బాగుందని దానికీ ముద్ద సగం చేశావనీ సంతలో మీ మరిది చెప్పాడు. చూశావా! నువ్వు చేస్తే పెంపకం, నేను చేస్తే పస్తా?

పొరుగింటి పొగ చూసి కూరలో ఉప్పు చెప్పకు అన్నారు. చెదపుట్టకి కాపలా ఉన్నవాణ్ణే దొంగంటే ఇక ఉసిళ్లు పట్టేదెవరు అన్నారు. ఇది రాస్తూ ఒచాత్రే నవ్వాడు. సామెతల మూట విప్పావు అవ్వా, ఏది ఎవరికి తగులుతుందో చూసుకుని విసురు అన్నాడు. రాయడం నీ పని, విసరడం నా పని అన్నాను. అది కూడా రాశాడట.

నా కొడుకు అచిద్రి మంచివాడు. వాడి మాట ఈ ఉత్తరంలో అనవసరం.

ఇక అసలు సంగతి. ఈ ఆదివారం మిషన్ గుళ్లో పిల్లకి బాప్తిస్మం నీళ్లు పోస్తారు. ఫాదర్ నోట ఆ పేరు ఒక్కసారి వచ్చిందంటే ఇక దాన్ని ఎవరూ కడగలేరు. నేను పోయాక కూడా ఈ పిల్ల పెళ్లి చేసుకుంటుంది, పిల్లల్ని కంటుంది, ఎవరు పిలిచినా ఒంజిరు కోడలికి తిండి పెట్టలేదు అని చెప్పినట్టే. శనివారానికల్లా రా. నీ కూతురి చెవి పట్టుకో. వేరే ఏ పేరైనా సరే చెప్పించు. నీ పేరే పెట్టించుకో, నాకు అభ్యంతరం లేదు. ఆయికోరు అంటే ఆనందమేగా, ఆనందం అని పిలిస్తే ఎవరూ కుండలు దించి నవ్వరు. నేను ఇంతవరకు ఎవరినీ బతిమాలలేదు. ఇది బతిమాలడం అనుకుంటే అనుకో.

ఇట్లు,
నీ వియ్యపురాలు ఒంజిరు
(వేలిముద్ర)

వేలిముద్ర వేశాక ఇంకొంచెం:

ఒచాత్రే ఉత్తరమంతా చదివి వినిపించాడు. కడుపులో చిక్కిన బిడ్డ సామెత దగ్గర ఆగాడు. ఇది నేనెప్పుడూ వినలేదవ్వా, బాగుంది, ఆదివారం ప్రార్థన అయ్యాక ఆడవాళ్లందరికీ చెబుతాను అన్నాడు. కాగితం మడవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

వదినా, అది పెద్దల మాట కాదు. ఏ పెద్దా అనలేదు. నేను కట్టిన మాట.

అది కట్టిన రోజు గాదె మూత ఎత్తితే అడుగు కనబడింది. జొన్నలు లేవు, ఎండబెట్టిన కర్రపెండలం లేదు. అంతా సారా కాచేవాళ్లకి చేరింది. చేర్చినవాడు అచిద్రి. మగవాడు ఆడదాని గాదె మూత ఎత్తకూడదు. మా ఇంట్లో ఆ పని ఎవరూ చెయ్యలేదు, నా కడుపున పుట్టినవాడు చేశాడు. నేనింకా మూత పట్టుకునే నిలబడి ఉన్నాను, ద్రిచిరు బుట్ట పట్టుకుని వచ్చింది. గాదె చూపిస్తే కొడుకు పరువు పోతుంది. మాట చెబితే ఏమీ పోదనుకున్నాను. నోటికి వచ్చేసింది. మా అమ్మమ్మ చెప్పిన మాటలాగే, అంత చక్కగా వచ్చింది. గాదె సంగతి ద్రిచిరుకి తెలుసో లేదో నేనెప్పుడూ అడగలేదు. ఆకలి మాత్రం తెలుసు. పిల్ల నా రెండు అరచేతుల్లో ఇమిడిపోతుంది, కాళ్లతో సహా.

లేతిరు ముద్ద సగం చెయ్యకు. ఇది చదివి పెట్టేవాడు ఇంకా నీ వాకిట్లో ఉండగానే పొయ్యి వెలిగించు. సంకటి, గింజలు, నువ్వుల ముద్ద, ఏది ఉంటే అది, దాని నోటితో అదే చాలు అనేదాకా పెట్టు. ఎందుకని అడిగితే ఒంజిరు అబద్ధమాడింది అని చెప్పు. మీ ఊళ్లో ఇంకెవరికైనా ఈ మాట చెప్పి ఉంటే వాళ్లకీ అలాగే చెప్పు.

శనివారం నువ్వు రావద్దు. లేతిరు దగ్గరే ఉండు. ఆదివారం ఫాదర్ పిల్ల పేరేమిటని అడిగినప్పుడు ద్రిచిరు చెప్పదు, ఆ పేరే నేను చెబుతాను. గుడి బయట నిలబడ్డవాళ్లకి కూడా వినబడేలా చెబుతాను.