నమూనా పాప

గువ్వ వాళ్ళమ్మకు,

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. అక్కడ మీరూ బాగున్నారని తలుస్తాను అని రాయడానికి ఈసారి చెయ్యి రాలేదు. అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందన్నావు. నీ ఉత్తరంలో ఆ మాట ఒక్కటే చల్లగా ఉంది.

చొక్కాలు ఎవరు ఉతుకుతున్నారని అడిగావు. నేనే. కాలర్లు నిన్ను తలుచుకుంటున్నాయి. పిల్లల టీకాల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించే మా పని అన్ని ఆసుపత్రుల్లోనూ పూర్తయింది. పాత కార్డులు అటకెక్కాయి. ఏ బిడ్డకు ఏ టీకా ఎప్పుడు వెయ్యాలో ఇక సాఫ్ట్‌వేరే తల్లి ఫోనుకు మెసేజ్ పంపుతుంది. పై అధికారి నన్ను అందరి ముందూ మెచ్చుకున్నాడు. తలెత్తలేకపోయాను.

గువ్వతో ఫోనులో మాట్లాడటం మానేశారేమని అడిగావు. తట్టు తగ్గాక దానికి రెండు చెవులూ వినబడటం లేదని డాక్టరు చెప్పాడని నువ్వే రాశావు. ఇంకేం మాట్లాడను? ఇదివరకు నేను హలో అనగానే ఫోను నోట్లో పెట్టుకునేది.

"తల్లినయ్యుండి తట్టు టీకా మరిచిపోయాను" అని రాసుకున్నావు. మా అమ్మ కూడా "బిడ్డ టీకా గుర్తుండని తల్లేమిట్రా" అంటే విని ఊరుకున్నాను. నువ్వు మరిచిపోలేదు. నన్ను అడిగావు కూడా. "మెసేజ్ రానీ, తొందరేముంది, దానికి మనకన్నా బాగా తెలుసు" అన్నది నేను.

అది ఎందుకు రాలేదో కిందటి వారం తెలిసింది. నర్సులకు పని నేర్పడానికి మొదట్లో ఒక నమూనా బిడ్డ కావాల్సి వచ్చింది. మురిపెం కొద్దీ మన గువ్వ పేరే, నీ ఫోను నంబరే కొట్టాను. అంతా అయ్యాక తెర ఎలా ఉంటుందో చూపించాలిగా, అన్ని టీకాలూ వేసినట్టు నొక్కాను. నేర్పడం ముగిశాక ఆ పేరు తీసెయ్యాలి. పచ్చగా వెలుగుతుంటే ముచ్చటేసి ఉంచేశాను. చివరికి అదే గువ్వ అసలు లెక్కగా మిగిలిపోయింది. అన్నీ పూర్తయిన బిడ్డ తల్లికి అది మెసేజ్ ఎందుకు పంపుతుంది?

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ మందు వేసింది నేను. ఫోనులో నీ గొంతు విన్నాక ఈ మాట చెప్పలేనని ఉత్తరం రాస్తున్నాను. అమ్మకు కూడా ఇదంతా రాసి పంపుతున్నాను. ఇక నిన్నెవరూ ఏమీ అనరు. నువ్వూ నిన్ను అనుకోకు. నన్ను అను.

మొన్న ఒక నర్సు "మీ పాప ఎలా ఉంది సార్? దాని పేరు మీదేగా మేమంతా పని నేర్చుకున్నాం" అంది. బాగుందన్నాను. తెర మీద ఇంకా బాగానే ఉంది. సరిచెయ్యాలంటే తట్టు టీకా పక్కన 'వేయలేదు' అని నొక్కాలి. రోజూ తెరిచి కూర్చుంటున్నాను, వేలు కదలడం లేదు.

గువ్వకు ఇంకా మాటలు రాలేదు. పిల్లలు నాన్నా అనే మాటను ఎవరో అంటుంటే విని నేర్చుకుంటారు.

ఇట్లు,
గువ్వ నాన్న