ఏడు సముద్రాల కథ చెప్పిన రోజు

సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సెలవు పెట్టమని అందరూ చెప్పినా వినకుండా సూర్యాపేట కాలేజీకి వచ్చి పాఠం చెప్పాను. ప్రేమించిన పిల్ల కోసం రాకుమారుడు ఏడు సముద్రాలు దాటే కథ. ఎంత సాహసం చేస్తే అంత ప్రేమ అని ఏటా చెప్పేవాణ్ణి కదా. ఇంట్లో ఆ మాటంటే నువ్వు ఒప్పుకునేదానివి కాదు.

"పోయి గెలుసుడు ఏం గొప్ప? పొద్దుగూకేసరికి ఇంటికొచ్చుడే ప్రేమ" అని అన్నం వడ్డిస్తూ నవ్వేదానివి.

ఈసారి పిల్లలకు నీ మాట కూడా చెప్పాను, ఎవరిదో చెప్పలేదు. తుంగతుర్తి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచింది.

"సార్, గంత కష్టపడి ఆయన తిరిగొచ్చేసరికి ఆమె సచ్చిపోయి ఉంటే? గప్పుడేం జేస్తడు?"

క్లాసంతా నవ్వింది. నేను పుస్తకం మూశాను.

"అయినా ఇంటికే పోతడమ్మా" అన్నాను. "సముద్రాలు దాటుడు కన్నా ఆ గడప దాటుడే కష్టం. అది దాటినోడే వీరుడు."

నవ్వు ఆగిపోయింది. పిల్లలు ఆ మాట రాసుకున్నారు.

ఇప్పుడు బస్టాండులో కూర్చుని నీకిది రాస్తున్నాను. మన మిర్యాలగూడ బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. పొద్దుగూకి చాలాసేపయింది. రోజూ నన్ను చూసే కండక్టర్ దిగి దగ్గరికొచ్చాడు.

"సార్, ఇంటికే కదా, ఎక్కరా?"

"నువ్వు పో అన్నా" అన్నాను. "నేను ఎనక బస్సుకొస్త."