సేకరించిన సమయం

1997 ఏప్రిల్ 4

డెయిరీ సెక్రటరీ బచ్చప్పతో మళ్లీ గొడవ. వదిన ఆరింటికి పోసిన పాలు పులిశాయని వెనక్కి పంపాడు. వ్యాన్ వచ్చింది పదకొండుకు. అంతసేపూ క్యాన్లు ఎండలోనే. రిజిస్టర్‌లో మాత్రం వ్యాన్ టైము ఏడున్నర. తప్పుడు టైము రాసి ఆవు మీదికి తోస్తావా అని రిజిస్టర్ లాక్కున్నాను. ఏమప్పా లీడరూ, ఇంగ ఆవులకీ యూనియన్ పెడతావా అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వనీ. పదో తేదీ కోలారులో ధర్నా. కరపత్రం నేనే రాశాను.

ఏప్రిల్ 9

కేజీఎఫ్ ఆసుపత్రి. అన్న కూతురికి రెండేళ్లు దాటినా నిలబడదు. మెడ వాలిపోతుంది. డాక్టర్ శ్రీకంఠయ్య చాలాసేపు చూశాడు. ఒంట్లో ప్రతి కణానికీ ఒక పొయ్యి ఉంటుందట, మైటోకాండ్రియా. అది సరిగా మండకపోతే రక్తంలో లాక్టేట్ పెరుగుతుందట. ఆ టెస్టు బెంగళూరులోనే. రేపు రక్తం తీసి ఐసులో పెట్టిస్తా, నేరుగా పో, నడుమ యాడా దిగొద్దు అన్నాడు. ఎందుకో చెప్పబోయాడు. నాకు తెలుసు సార్ అన్నాను.

ఏప్రిల్ 10, సాయంత్రం 7

ఉదయం పదిన్నరకు తీశారు. పాప ఏడుపు ఆపలేదు. ఫ్లాస్కు పట్టుకుని బస్సెక్కాను. కోలారులో మనవాళ్లు రోడ్డు మీద కూర్చుని ఉన్నారు. మైకులో నా పేరు. దిగకుండా ఎలా ఉంటాను? పది నిమిషాలనుకున్నాను. మూడు గంటలు.

బాగా మాట్లాడాను. పిండిన పాలు ఎండలో పెడితే పులుస్తాయి, అందులో ఆవు తప్పేముంది అన్నప్పుడు చప్పట్లు ఆగలేదు.

ల్యాబ్ చేరేసరికి అయిదు. ఐసంతా గోరువెచ్చటి నీళ్లు. ట్యూబు మూత బిగువుగానే ఉంది. ఫారంలో ‘సేకరించిన సమయం’ అని ఒక గడి. పదిన్నర అని రాస్తే వెనక్కి పంపుతారేమో. మధ్యాహ్నం రెండు అని రాశాను.

ఏప్రిల్ 15

రిపోర్టు వచ్చింది. లాక్టేట్ 6.8. రెండు దాటకూడదట.

ఒక్క నంబరుతో ఏమీ తేల్చకూడదంటాడు శ్రీకంఠయ్య. పిల్ల బాగా ఏడ్చినా, చెయ్యి బిగించి కట్టినా పెరుగుతుందట. మూడు వారాలాగి పాపనే బెంగళూరు తీసుకుపోయి, అక్కడే తీయించాలట. ఈ డాక్టర్లకు తేల్చి చెప్పడమంటే భయం.

ఏప్రిల్ 17

సైన్సు ప్రదర్శనలో కొన్న చిన్న పుస్తకం, ముప్పై రెండు పేజీలు. మైటోకాండ్రియా బిడ్డకు తల్లి నుంచే వస్తుంది. తండ్రి నుంచి రాదు. మూడుసార్లు చదివాను.

వదినకు మూడో నెల.

ఏప్రిల్ 19

ఇంట్లో చెప్పేశాను. అమ్మ కురుడుమలె గణపతికి మొక్కుకుంటానంది. రాతికి మొక్కితే లాక్టేట్ తగ్గుతుందా అని అరిచాను. అన్న లేచి బయటికి పోయాడు.

వదిన పేడ చేతులతోనే వచ్చి నిలబడింది. నా ఒంట్లోంచే వచ్చిందా అప్పా అని అడిగింది. అవునన్నాను. కాయితం తప్పు చెప్పదా? చెప్పదన్నాను. డాక్టరు ఇంగోసారి చూడల్లన్నాడంట కదా అంది. అప్పటికి తీయించుకునే నెలలు దాటిపోతాయి వదినా, ఈ పాపను చూస్తూ ఇలాంటి ఇంకో బిడ్డను కంటావా అన్నాను.

వెళ్లి చేతులు కడుక్కుని వచ్చింది. తర్వాత, నువ్వు చదివినోడివి, నా పాల కోసరం అంతమందిలో కొట్లాడినోడివి, నువ్వు చెప్తే సరే అప్పా అంది.

గెలిచాననిపించింది. అది కూడా రాసి పెడుతున్నాను.

ఏప్రిల్ 22

కోలారు, నర్సింగ్ హోమ్. అయిపోయింది. వదిన కాఫీ అడిగింది.

మే 6

బెంగళూరు. పాపకు అక్కడే రక్తం తీశారు. ఏడవలేదు. పది నిమిషాల్లో మిషన్‌లో పెట్టారు.

1.3.

మే 7

జబ్బు అది కాదు. థైరాయిడ్ తక్కువ. రోజుకో మాత్ర. నిలబడుతుంది, నడుస్తుంది అన్నాడు శ్రీకంఠయ్య.

మరి ఆ 6.8? అడగకుండా ఉండాల్సింది. తీసిన రక్తంలో కణాలు బతికే ఉంటాయట. చల్లగా లేకపోతే గంటల తరబడి లాక్టేట్ చేస్తూనే ఉంటాయట. పెరిగింది పాపలో కాదప్పా, ట్యూబులో, క్యాన్లో పాలు పులిసినట్ల అన్నాడు. నన్ను పొడవాలని కాదు, మామూలుగానే అన్నాడు. నేరుగానే పోయినావు కదా అని అడిగాడు. తల ఊపాను. అయితే ల్యాబోళ్లే బెంచీ మీద పెట్టి మరిచినారేమో, పోనీలే, మనం తొందరపడలేదు కదా అన్నాడు.

ఏప్రిల్ ఇరవై రెండు గురించి ఆయనకు తెలియదు.

మే 8

ఇంట్లో చెప్పలేదు. పాపకు మందు దొరికిందని మాత్రం చెప్పాను.

మే 29

పాప గోడ పట్టుకుని నిలబడింది. అమ్మ ఏడ్చింది. అన్న పాపను ఎత్తుకుని ఊరంతా తిప్పాడు.

ధర్నా ఫలించింది. వ్యాన్ ఇప్పుడు ఆరున్నరకే వస్తోంది. బచ్చప్ప టైము సరిగ్గా రాస్తున్నాడు, నేను చూడకపోయినా రాస్తున్నాడు. ఈ నెల ఎవరి పాలూ వెనక్కి రాలేదు.

వదిన నాకు రెండో రాగిముద్ద పెడుతూ, నువ్వు చెప్పబట్టి ఇంగో బిడ్డ ఈ కష్టం పడకుండా తప్పించుకునింది అప్పా అంది. ముద్దను పళ్లెం అంచుకు జరిపాను. ఏమప్పా, పులుసులో ఉప్పెక్కువా అని అడిగింది.

మే 31

చెప్పాను. వదినకే, కోలారులో దిగిన దగ్గర్నుంచి అంతా. సేకరించిన సమయం ఉదయం పదిన్నర.

వదిన ఇంగోసారి చెప్పమంది.

ఉదయం పదిన్నర.