మీటరు జయశీలకు, కేబుల్ ముక్క క్లబ్బుకు

రంగారెడ్డి జిల్లా, శంషాబాద్ మండలం, సాతంరాయి గ్రామ కాపురస్తుడను, కీర్తిశేషులు కాలేబు గారి పెద్ద కొడుకును, ముప్పై ఒక్క ఏళ్ళు సర్కారు వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి దిగిపోయినవాడను, అరవై ఎనిమిదేళ్ళ యెహోషువ అను నేను నా చేతిరాతతో రాసుకుంటున్న వీలునామా ఇది. గుండె సంగతి దవాఖానలో అడగండి, బుర్ర మాత్రం సక్రమంగా ఉంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, కల్లు తాగించి రాయించలేదు. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాశానని ఎవడైనా కాగితం పట్టుకొస్తే నమ్మకండి, ముఖ్యంగా వాడు మా తమ్ముడైతే.

నా ఆస్తి ఏమిటో తెలియని వాళ్ళకు ఒక మాట. నేనూ నా భార్య జయశీలా హ్యామ్ రేడియో వాళ్ళం. అంటే సర్కారు దగ్గర లైసెన్సు తీసుకొని, ఇంట్లోనే రేడియో పెట్టుకొని, మాటతోనో మోర్సు చప్పుళ్ళతోనో ఎక్కడెక్కడి వాళ్ళతోనో మాట్లాడేవాళ్ళం. జీతం లేదు, లాభం లేదు, పిచ్చి ఉంది. నా లైసెన్సు నాది, ఆమె లైసెన్సు ఆమెది. కాబట్టి నేను పంచబోయేవి పొలాలూ నగలూ కావు, తీగలూ పెట్టెలూ.

1. ఇల్లు. బెంగుళూరు రోడ్డుకు దగ్గరలో ఉన్న రెండు గదుల డాబా ఇల్లు నాది కాదు. జయశీల తార్ ఆఫీసులో టెలిగ్రాములు కొట్టే కొలువు చేస్తూ కట్టుకున్నది, కాగితాలు ఆమె పేరు మీదే ఉన్నాయి. నాది కానిదాన్ని నేను ఎవరికీ రాయలేను. ఈ ముక్క రాయకపోయినా చెల్లుతుంది. కానీ మా వంశంలో గోడ ఎవరిదో తెలిసి కూడా దాని మీద చెయ్యి వేసి నిలబడేవాళ్ళు ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

2. నా ఒక్కగానొక్క కూతురు, మహబూబ్‌నగర్‌లో నర్సుగా ఉన్న వినీల, ఈ వీలునామాను అమలు జరపాలి. నా గోడ గడియారం ఆమెకు. అది లండన్ టైము చూపిస్తుంది. రేడియో వాళ్ళం లాగ్‌బుక్కులో ఆ టైమే రాస్తాం. చిన్నప్పుడు వినీల బడి వేళకు దాన్ని చూసి, ఇంకా నాలుగే అయిందని మళ్ళీ ముసుగు తన్నేది. బళ్ళో టీచరు కొట్టేది, ఇంట్లో తల్లి తిట్టేది, నేను మాత్రం ఒక్కనాడూ ఏమీ అనలేదు. ఆ ఒక్క విషయంలో నేను మంచి తండ్రినే. ఆమె ఆ గడియారాన్ని మన టైముకు మార్చకూడదు.

3. పాల్మాకుల సత్తయ్యకు నా మోకూ నడుము బెల్టూ. కరెంటు స్తంభాలెక్కే పనిలో రిటైరైన మనిషి. మా డాబా మీద యాంటెనాను మోసే నలభై అడుగుల ఇనుప గడను పదేళ్ళుగా ఎత్తిందీ దించిందీ అతనే. నా మోకాళ్ళు నన్ను నిచ్చెన మూడో మెట్టు దాటనివ్వవు. ఇన్నేళ్ళలో అతను చాయ్ తప్ప ఏమీ ముట్టలేదు, అదీ చక్కెర తక్కువైందని సణుగుతూ. సత్తయ్యా, నీకు నేను ఇంకో బాకీ ఉన్నాను, అది కింద రాశాను.

4. తమ్ముడు ఆశేరుకు నా చెక్క నిచ్చెన. దానికి ఏడో మెట్టు లేదు. విరగ్గొట్టింది తానే కాబట్టి కొత్తగా చెప్పనక్కర్లేదు. మా రేడియో వల్ల తన టీవీలో గీతలు వస్తున్నాయని ఆశేరు సంఘ పెద్దల దగ్గరా పాస్టరు గారి దగ్గరా మొరపెట్టుకున్నాడు. ఒకసారి ప్రార్థన అంశాల్లో కూడా చేర్పించాడు. 1996 వానాకాలంలో ఉన్నట్టుండి ఆపేశాడు. గేటు దగ్గర నిలబడి, ఇగ టీవీ అద్దం లెక్క వస్తున్నదని మెచ్చుకున్నాడు కూడా. యాంటెనా సరిగ్గా ఉందో లేదో చూపే కొత్త మీటరు తెచ్చి అన్నీ సరిచేసుకున్నాను కదా, దాని మహిమేనని నేను మురిసిపోయాను. అసలు కారణం ఆరో అంశంలో ఉంది. చదువుకొని నవ్వుకోమనండి, నవ్వడం అతనికి బాగా వచ్చు.

5. నగరంలోని మా హ్యామ్ క్లబ్బుకు, కార్యదర్శి హరిప్రసాద్ గారి చేతికి, గాజు సీసాలో పెట్టి ఉన్న జానెడు కేబుల్ ముక్క.

ఎందుకో చెప్తాను. 1996 నవంబరులో కోస్తాలో తుఫాను వచ్చి ఫోన్లు పడిపోయాయి. అక్కడి సహాయ శిబిరం నుంచి వచ్చే సందేశాలను అందుకొని నగరానికి చేర్చే పని క్లబ్బు కొందరికి పంచింది. పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా సాతంరాయి వంతు. మోర్సు కీ దగ్గర జయశీల కూర్చుంది. ఇరవై ఆరేళ్ళు తార్లు కొట్టిన చెయ్యి అది. ఆమె నాలుగు చుక్కలు కొడితే చాలు, అవతలి వాళ్ళు పేరు అడగకుండానే గుర్తుపట్టి అమ్మా అని పలకరించేవాళ్ళు. ఆ రోజు ఆరు గంటలు ఆగకుండా పిలిచింది. బదులు లేదు. బతికి బయటపడ్డ వాళ్ళ పేర్లు ఆరు గంటల పాటు శిబిరంలోనే ఉండిపోయాయి. వాళ్ళ కోసం నగరంలో ఏడుస్తున్న వాళ్ళు ఆరు గంటలు ఎక్కువ ఏడ్చారు. రెండు తర్వాత వంతు తీసుకున్న మరొకాయన మొదటి పిలుపుకే అందుకున్నాడు.

ఆ ఆదివారం మీటింగులో హరిప్రసాద్ గారు కళ్ళజోడు తుడుచుకుంటూ, సాతంరాయి స్టేషను మీద ఆధారపడటం మన పొరపాటేమోనండీ అని చాలా మర్యాదగా అన్నారు. ముప్పై మంది తలలు తిప్పి మమ్మల్ని చూశారు. నేను లేచి నిలబడ్డాను. నేనన్న మాట క్లబ్బు మినిట్సులో ఇప్పటికీ ఉంది: "మీటరు అంతా బాగున్నదన్నది. గడ పైన టంకం మా ఇంటామె పెట్టింది. అదే ఊడి ఉంటది."

జయశీల నా పక్క కుర్చీలోనే ఉంది. హరిప్రసాద్ గారు ఆమెను ఒక్క ప్రశ్న అడగలేదు, గడ దించి చూశారా అని నన్నూ అడగలేదు, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేసుకున్నారు. మీలో ఒక్కరైనా అడిగి ఉంటే నాకు తప్పించుకునే దారి ఉండేది కాదు. ఆ సీసాను మీ షీల్డుల పక్కన పెట్టుకోండి.

6. నా చేతి యాంటెనా మీటరు, తోలు సంచితో సహా, నా రేడియో సెట్టు, హెడ్‌ఫోన్లు జయశీలకు. దీని గురించి ఎక్కువ రాయాలి.

ఆ మీటరు 1996 వేసవిలో సింగపూరు నుంచి వచ్చే ఒక మిత్రుడి చేత తెప్పించుకున్నాను. ఇటుకంత పెట్టె, లోపల పది చిన్న బ్యాటరీలు. పెద్ద ల్యాబుల్లో బీరువా అంత యంత్రం చేసే పనిని మాబోటి వాళ్ళకు అందే ధరలో చేస్తుంది. కేబుల్ గుండా యాంటెనాకు పంపిన శక్తిలో ఎంత తిరిగి వెనక్కి వస్తున్నదో దాని ముల్లు చెప్తుంది. వెనక్కి తక్కువ వస్తే అంతా బాగున్నట్టు, పైన ఎక్కడైనా తెగితే పంపినదంతా వెనక్కి వచ్చేస్తుంది. చేత్తో పట్టుకొని గడ ఎక్కి, యాంటెనా దగ్గరే తగిలించి చూసుకోమని దాన్ని అంత చిన్నగా చేశారు. నేనేం చేశాను? బల్ల మీద తువ్వాలు పరిచి, పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టుకున్నాను. సత్తయ్య పైకి తీసుకుపోతానంటే, చెయ్యి జారితే మళ్ళీ ఎక్కడి నుంచి తేవాలని ఇవ్వలేదు. ఎప్పుడు చూసినా కిందే, కేబుల్ ఈ కొస దగ్గరే చూశాను.

ఆ కేబుల్ కొత్తదని అందరికీ చెప్పాను. అబద్ధం. మీటరు కొన్నాక జయశీలను కొత్త కేబుల్ అడిగే ముఖం నాకు లేదు. గగన్‌పహాడ్‌లో పాత సామాన్ల అడ్డాలో, కొస తెరుచుకొని వానలో పడి ఉన్న చుట్టను తెచ్చి, తడిగుడ్డతో తుడిచి మెరిపించాను. గింత బరువున్నదేంది అని జయశీల అడిగింది. మంచి సరుకు బరువే ఉంటుందన్నాను. ఆమె డాబా మీద కూర్చొని కేబుల్ కొసను యాంటెనాకు టంకం పెట్టింది. మీద రబ్బరు టేపు చుట్టి, దాని మీద మైనం కరిగించి పోసింది. అప్పుడు సత్తయ్య గడ ఎత్తాడు.

పోయిన ఏడాది జూలైలో గడ తుప్పు పట్టిందని సత్తయ్య దించాడు. కేబుల్ కోస్తే లోపలి నుంచి నీళ్ళు కారాయి. లోపలి రాగి అల్లిక నల్లబడి పొడిపొడిగా రాలింది. సీసాలో పెట్టింది ఆ ముక్కనే. మైనం గీకి, టేపు విప్పి చూస్తే జయశీల టంకం పెట్టిన నాటిలాగే తళతళలాడుతున్నది. లోపలికి పోయి మీటరు తెచ్చాను. మిగిలిన కేబుల్‌ను దానికి తగిలించాను. అవతలి కొసకు యాంటెనా లేదు, తీగ లేదు, ఉత్త గాలి. ముల్లు మాత్రం అంతా బాగుందనే అన్నది. పంపినదంతా నానిన కేబులే తాగేస్తే వెనక్కి రావడానికి ఏం మిగులుతుంది? పైకి మాత్రం ఏం పోతుంది? ఆశేరు టీవీ ఎందుకు బాగుపడిందో, ఆ ఆరు గంటలు జయశీల ఎవరికీ ఎందుకు వినబడలేదో ఆ క్షణాన తెలిసింది.

సత్తయ్య గోడకు ఆనుకొని బీడీ ముట్టించి, "గట్లయితే అక్క తప్పేం లేదు కదనే అన్నా" అన్నాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. ఆ నాటి నుంచి అతను మా ఇంట్లో చాయ్ తాగడం మానేశాడు. పైన చెప్పిన బాకీ అదే. సత్తయ్యా, ఒట్టు తీసేస్తున్నాను.

ఇంకొకటి ఉంది, దాన్ని దాచి దేవుడి దగ్గరికి పోలేను. తుఫాను రోజు మా వంతు అయిపోగానే నేను మళ్ళీ మీటరు పెట్టి చూశాను. ముల్లు పొద్దున ఉన్న చోటే ఉంది. పైన టంకం ఊడి ఉంటే ముల్లు అక్కడ ఉండకూడదని ముప్పై ఏళ్ళ ఆపరేటరుకు తెలియదా? తెలుసు. తప్పెక్కడుందో తెలియలేదు కానీ, టంకంలో లేదని తెలుసు. తెలిసే ఆదివారం నాడు లేచి నిలబడ్డాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ముప్పై మంది ముందు పరువు పోతుందని పెళ్ళాం చేతి పనిని ఓడన్నాను.

ఇంటికి వచ్చాక జయశీల, గడ దించి చూడుండ్రి అని ఒకే ఒక్కసారి అడిగింది. ముల్లు కంటే నీకు ఎక్కువ తెలుసా అన్నాను. హెడ్‌ఫోన్లు మేకుకు తగిలించింది. లైసెన్సు గడువు తీరితే మళ్ళీ రాయించుకోలేదు. రెండేళ్ళ నాలుగు నెలలుగా కీ ముట్టలేదు. నిజం తెలిసి నాకు ఎనిమిది నెలలైంది. రోజూ ఎదురెదురుగా కూర్చొని అన్నం తింటున్నాం. రోజూ చెబుదామనుకోవడం, మింగలేక కక్కలేక చెయ్యి కడుక్కొని లేవడం.

జయశీలా, నీ టంకం ఊడలేదు. కేబుల్ నాది, అబద్ధం నాది, సిగ్గు మాత్రం నీ నెత్తిన పెట్టాను. ముఖం చూసి చెప్పే ధైర్యం లేక కాగితం మీద పెడుతున్నాను. నేను పోయాక వినీల ఈ ఆరో అంశాన్ని క్లబ్బు మీటింగులో మొదటి నుంచి చివరిదాకా చదివి మినిట్సులో ఎక్కించాలి. అది జరిగిన తర్వాతే మిగిలినవి పంచాలి.

7. నా సమాధి దగ్గర క్లబ్బు వాళ్ళెవరూ ప్రసంగాలు చేయకూడదు. ఆశేరు పాట పాడకూడదు. వర్షం వస్తే ఎవరూ నా కోసం తడవనక్కర్లేదు.

8. సాక్షులుగా పోస్టుమ్యాన్ పని చేసి దిగిపోయిన రాములునూ పక్కింటి అనంతమ్మనూ పిలిపించాను. మా క్రైస్తవుల వీలునామాలో ఏదైనా పొందేవాళ్ళే సాక్షి సంతకం చేస్తే, కాగితం చెల్లుతుంది కానీ వాళ్ళకు ఇచ్చినది చెల్లదని వకీలు చెప్పాడు. అందుకే సత్తయ్యను పిలవలేదు. జయశీలను పిలవకపోవడానికి కారణం అది ఒక్కటే కాదు. ఆమె వంటింట్లో ఉంది. ఈ సంగతి నేను ఉన్నంత కాలం ఆమెకు తెలియకూడదు.

సాతంరాయి,
9 మార్చి 1999, మంగళవారం.

(సంతకం) కె. యెహోషువ

సాక్షులు

1. రాములు, సాతంరాయి. అనంతమ్మకు చదువు రాదు. ఏం రాసిండ్రో వినకుండ వేలిముద్ర వెయ్యనని, కాగితం తీసుకపోయి వంటింట్ల జయశీలమ్మ చేతికిచ్చి చదువుమన్నది. యెహోషువ సారు లేవబోయిండు గాని అప్పటికే ఆమె మొదలుపెట్టింది. ఆరో అంశం సగం దాక బయటికి చదివింది, ఆ తర్వాత మనసుల చదువుకున్నది. కాగితం తెచ్చి బల్ల మీద పెట్టి, సంతకం పెట్టుండ్రి అన్నది. సారు నా ఎదుట, జయశీలమ్మ ఎదుటనే పెట్టిండు. అనంతమ్మ పేరు కొట్టేసింది జయశీలమ్మ.

(సంతకం) రాములు

2. ~~అనంతమ్మ~~ జయశీల, సాతంరాయి. సాక్షి సంతకం పెడితే నాకు ఇచ్చింది చెల్లదని చదివే పెడుతున్న. మీటరు నాకొద్దు, సెట్టు నాకొద్దు. టంకం ఊడలేదని నాకు ఆ దినమే తెలుసు, పెట్టిన చెయ్యి నాది. ఆయన సచ్చినంక బిడ్డ నిలబడి చదువుడేంది? ఈ నెల ఇరవై ఒకటిన, ఆదివారం, క్లబ్బు మీటింగున్నది. ఆరో అంశం ఆయననే నిలబడి చదవాలె. నేను ముందటి కుర్చీల కూసుంట.

(సంతకం) జయశీల