పాట మధ్యలో రైలు

దబీర్‌పురా,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక.

అమ్మకు సోనీ వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ బాపు, వెస్లీ, నేను బాగున్నాం. మస్కట్‌లో నీ మోకాళ్ళు కూడా బాగుండాలని రోజూ ప్రార్థనలో అడుగుతున్నాను. ఫోనులో విన్న మాట ఫోనుతోనే పోతుంది, కాగితమైతే దిండు కింద ఉంటుందన్నావు కదా, అందుకే రాస్తున్నాను. బార్కస్ సాలెహ్ భాయ్ బుధవారం అక్కడికి వస్తున్నాడు, ఆయన చేతికే ఇస్తాను. చింతకాయ తొక్కు కూడా పంపుతున్నాను. నువ్వు పనిచేసే మేడమ్ వాళ్ళ వంటింట్లో పెట్టకు, నీ గదిలోనే దాచుకో.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబు చెప్తాను. బాపు షుగర్ మాత్రలు వేసుకుంటున్నాడు. కానీ నయాపూల్‌లో కోర్టు డ్యూటీకి పోయినప్పుడు చాయ్ మాత్రం చక్కెరతోనే తాగుతున్నాడని నా అనుమానం. వెస్లీ దగ్గర పెళ్ళి మాట ఎత్తితే నీ కొడుకు గిటారు ఎత్తుతున్నాడు. నేను చర్చి క్వయర్‌లో పాడడం మానలేదు. విమలాదేవి ఆంటీ ఇంకా ముందు వరసలోనే నిలబడి అందరి గొంతులూ తూకం వేస్తోంది.

ఇక న్యూ వేవ్ అంటే ఏం పాటలు, పెళ్ళిళ్ళలో వాయిస్తారా అని అడిగావు. రాక్ పాటలే అమ్మా. కాకపోతే గిటారు ఊరికే అరవదు, సూదిలా పొడుస్తుంది. నా కీబోర్డు ముందుంటుంది. డ్రమ్ము మిషన్‌లా తిన్నగా నడుస్తుంది. వింటే కాళ్ళు ఆడతాయి, మాటలు మాత్రం కోపంగా ఉంటాయి. పెళ్ళిలో వాయిస్తే పెళ్ళికొడుకు పారిపోతాడు.

మొత్తానికి మా ఆల్బమ్ రికార్డింగ్ అయిపోయింది. ఎనిమిది పాటలు. జూబ్లీహిల్స్‌లో ఒక కంపెనీ వాళ్ళ స్టూడియోలో చేశాం. గోడలకు దూదిపరుపులు కొట్టినట్టు ఉంది. బయట ఏనుగు అరిచినా లోపలికి వినపడదు. మొదటి రోజే పరువు పోయింది. రెండో చరణం అయిపోగానే వెస్లీ, నేను, డ్రమ్ముల మీద పాల ఎల్లయ్య మామ కొడుకు నందు, ముగ్గురం ఒక్కసారే ఆగిపోయాం. చేతులు గాలిలో పెట్టుకుని అట్లాగే కూర్చున్నాం. కాసేపటికి ముగ్గురం మళ్ళీ ఒక్కసారే మొదలుపెట్టాం.

అద్దం వెనక నుంచి సాగర్ అన్న పరిగెత్తుకొచ్చాడు. కంపెనీ తరఫున ఆల్బమ్ చేయించేది ఆయనే.

"ఏమైందిరా? కరెంటు పోయిందా?"

"లేదన్నా, రైలు పోతున్నది," అన్నాడు నందు.

"ఏ రైలు?"

అప్పుడు గానీ మాకు తెలివి రాలేదు. మూడేళ్ళు పట్టాల పక్కన మన ముందు గదిలో రోజూ ఒకే వేళకు ముందుగా అదే పాట మొదలుపెట్టేవాళ్ళం. రెండో చరణం దగ్గర లోకల్ రైలు వచ్చేది, గోడలు వణికేవి, అది పోయేదాకా ఆగేవాళ్ళం. అది చేతులకు అలవాటైపోయింది. స్టూడియోలో రైలు లేకపోయినా చేతులకు వచ్చింది. మస్తు నవ్వుకున్నాం. తర్వాత విని చూస్తే పాటంతటిలో బాగున్నది ఆ ఆగడమే. అట్లాగే ఉంచేద్దామనుకున్నాం.

సాగర్ అన్న ఒప్పుకోలేదు. "వినేటోడు రెండు సెకండ్లు ఆగడు సోనీ. పాట ఆగిందంటే వేలు ఇంకో పాట మీదికి పోతది. ఆ సందు మూసేద్దాం. నీ గొంతు కూడా జర మెత్తగ చేసి మళ్ళ పాడు."

"మా గల్లీల అందరూ రైలు పోయేదాక ఆగుతరన్నా. వీళ్ళు కూడా ఆగుతరు," అన్నాను.

"గట్లయితే కంపెనీ రిలీజ్ చేయదు."

వెస్లీ నన్ను మెట్ల దగ్గరికి లాక్కుపోయాడు. "జిద్దు చేయకు సోనీ. గింత సందు కోసం ఆల్బమ్ పోగొట్టుకుంటమా?" అన్నాడు. వాడిది తప్పని నేననను. మూడేళ్ళు డ్యూటీ నుంచి వచ్చి, అన్నం తినకుండా వాయించాడు. అయినా నేను కాదన్నాను. కంపెనీ వద్దంది. మేమే వచ్చే శనివారం విడుదల చేస్తున్నాం.

ఇంతదాకా రాసింది నిజమే, కానీ ఒక మాట దాచాను. ఆ సందు ఖాళీగా లేదమ్మా. అందులో నువ్వున్నావు.

నువ్వు మస్కట్ పోకముందు వెస్లీ ఫోనులో మా వాయింపు రికార్డు చేసుకున్నాడు, గుర్తుందా? రైలు దడదడలాడుతూ పోతుంది. వెంటనే వంటింట్లో నుంచి నీ కేక. "పోయింది పో, ఇగ కొట్టుండ్రి!" దాన్నే తెచ్చి పాటలో పెట్టాను. సాగర్ అన్న విని, "ఎవరా ఆడమనిషి? గా అరుపు ముందు తీసెయ్," అన్నాడు. నేను లేచి వచ్చేసింది ఆ మాటకు. ఆయన అన్నది చెప్తే వెస్లీ కూడా గిటారు సర్దుకున్నాడు.

నాకు పన్నెండేళ్ళప్పుడు విమలాదేవి ఆంటీ నీతో అన్న మాట నేను పక్కనే నిలబడి విన్నాను. "నీ గొంతు అందర్ల కలుస్తలేదు సుందరమ్మా, జర లోపల్నే పాడుకో." ఆ ఆదివారం నుంచి నువ్వు పెదాలు మాత్రమే కదిపావు. ఎవరూ గమనించలేదనుకున్నావు. నేను ప్రతి వారం చూశాను, నాకు ఏడుపొచ్చేది.

ఆల్బమ్ అట్ట మీద నీ పేరు వేస్తానంటే, "నా పేరు ఎక్కడా పెట్టకు, నలుగురు నవ్వుతరు" అని మొన్నటి ఉత్తరంలో రాశావు. అది అందేలోపే అచ్చు అయిపోయిందని అబద్ధం చెప్పొచ్చు. చెప్పను. నీ ఉత్తరం చదివాకే ప్రెస్‌కు పోయి, అట్ట వెనక మా ముగ్గురి పేర్ల పైన "గొంతు: సుందరమ్మ" అని వేయించాను. నవ్వేవాళ్ళను నవ్వనీ.

నిన్న బాపుకు వినిపించాం. నీ కేక రాగానే పేపరు పక్కన పెట్టి వంటింటి వైపు చూశాడు. "మళ్ళ పెట్టు బిడ్డా," అన్నాడు. నాలుగుసార్లు పెట్టించుకున్నాడు.

ఆ కేక నేను తీయను. నువ్వు తీయమన్నా తీయను. కోపమొస్తే శుక్రవారం ఫోన్ చేసి తిట్టు. ఆ ఇంట్లో వాళ్ళు వింటారని ఎప్పటిలా గుసగుసగా కాదు. వాళ్ళ మేడ మీదికి కూడా వినపడేటట్టు తిట్టు.

ఇట్లు,
తిట్లకు కాచుకుని కూర్చున్న నీ బిడ్డ,
సోనీ