స్ప్రే కొట్టమన్నది ఎవరు?

బుధవారం రాత్రి, కామారెడ్డి

నాకు బాగా తెలిసిన సంగతిని కూడా ఈయన ముందు గట్టిగా ఎందుకు చెప్పలేను? పెళ్లయినప్పటి నుంచీ ఇదే ప్రశ్న.

పొద్దున ఎల్లారెడ్డిలో ఈయన అక్క, మా వదిన ఇంటి ముందు నా కారు స్టార్ట్ కాలేదు. ఈయన స్టార్టింగ్ స్ప్రే డబ్బా తెచ్చారు, ఇంజన్ అంటుకోవడానికి గాలి గొట్టంలోకి కొట్టేది. మా పాత కార్బురేటర్ కారుకు చలికాలమంతా అదే కొట్టేవారు, పనిచేసేది కూడా. ఇది ఇంజెక్షన్ బండి, లోపల పెట్రోల్ పంపు చప్పుడే రావడం లేదు, పెట్రోలే అందనప్పుడు స్ప్రే కొట్టి లాభం లేదు, వద్దన్నాను.

"బండ్ల సంగతి నాకు చెప్తవా?" అని అందరి ముందూ నవ్వారు.

బుస్సుమని కొడుతూనే పోయారు. ఇంజన్ ఒక్కసారి లేచి, ఢామ్మని పేలి ఆగిపోయింది. గాలి పోయే ప్లాస్టిక్ గొట్టం పగిలింది.

మెకానిక్ వచ్చి, "గింత స్ప్రే ఎవలు కొట్టమన్నరు సార్?" అన్నాడు.

"మా ఆమెనే. ఒక్కటే తొందర పెట్టింది."

వదిన నా వైపు తిరిగి, "గంత చదువుకున్నవు, గింత ఆగమేందే?" అంది.

కారు మెకానిక్‌కు అప్పగించాం. బస్సులో తిరిగొచ్చాం. ఇంటికి రాగానే ఈయన చాయ్ అడిగారు, పెట్టిచ్చాను కూడా.

ఆయన పరువు పోతుందని ఊరుకున్నానా, చెప్పినా వదిన నమ్మదని ఊరుకున్నానా? రేపు ఆమెకు ఫోన్ చేసి జరిగింది చెప్పాలో వద్దో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.